మణికట్టు మీద మూడుసార్లు

యాత్ర తొమ్మిదో రోజు పొద్దున టీ ఒలికింది.

కప్పు మోక్షితది. బల్లను కుదిపిన మోకాలు షారన్‌ది. వేడి టీ ఒళ్ళో పడగానే మోక్షిత "అమ్మో!" అంటూ లేచింది గాని, షారన్ వంక కోపంగా చూడలేదు. షారన్ కూడా ఒక్క మాట అనలేదు. ముగ్గురు స్నేహితురాళ్ళూ ఎడమ మణికట్ల మీది తులపట్టీలను చూస్తూ ఊరుకున్నారు. తొమ్మిది ఊపిరులు తీసేంత సేపటికి పట్టీలు సన్నగా ఝుమ్మన్నాయి.

"షారన్‌కు అరవై రెండు, మోక్షితకు ముప్పై ఎనిమిది," అని చదివింది ప్రణుతి. "కప్పు బల్ల అంచున పెట్టావుగా, నీ భాగం అందుకు."

"సరే, తేలిపోయింది. ఆ రొట్టె ఇటు జరపవే," అంది షారన్. తడిగుడ్డ తేవలసింది ఎవరో కూడా పట్టీయే చెప్పింది. షారన్ వెళ్ళి తెచ్చింది.

లోకంలోకి దోషతుల వచ్చి ముప్పై ఏళ్ళయింది. ఏ ఇద్దరి మధ్య ఏ చిన్న నష్టం జరిగినా, మణికట్టు మీది పట్టీ వారి మాట విని, నాడి చూసి, అడుగు కొలిచి, ఎవరి దోషం వందకు ఎంతో తూచి చెబుతుంది. కోర్టుల ముందు పడిగాపులు పోయాయి. వాయిదాలు పోయాయి. బస్సులో కాలు తొక్కినవాడితో తగువు పోయింది. వాటితోపాటే, ఎవరూ గమనించకుండా, 'తప్పు నాది, మన్నించు' అనడం కూడా పోయింది. తూకం తేలిన తరువాత ఆ మాటతో పనేముంది?

ఆ మాట పోయినందుకు ప్రణుతికి ఏనాడూ బెంగ లేదు. గుంటూరు కోర్టుల్లో ఆమె చాలా ఏళ్ళు వకీలుగా పనిచేసింది. భర్తల చేతుల్లో దెబ్బలు తిన్న ఆడవాళ్ళ తరఫున నిలబడింది. పదకొండేళ్ళు నడిచిన ఒక కేసులో తీర్పు వచ్చేనాటికి ఫిర్యాదు చేసిన మనిషే బతికి లేదు. తెలుగునేలకు తుల రావాలని పోరాడినవారిలో ఆమె ముందువరుస మనిషి. 'ఎడబాటు నియమం' రాసింది కూడా ఆమే. ఒంటికి గాయమైన చోట సగానికి మించిన దోషం ఎవరి మీద పడితే, వారు అయిదేళ్ళ పాటు గాయపడినవారికి పన్నెండు బారల దూరంలోకి రాకూడదు. గాయపడినవారిని వైద్యానికి చేర్చేదాకా మాత్రం సడలింపు ఉంది. "కొట్టినవాడికి మంచం పక్కన కూర్చుని ఏడ్చే హక్కు లేదు," అని ఆనాడు సభలో ఆమె గట్టిగా అన్న మాటకు ఎవరూ ఎదురు చెప్పలేకపోయారు.

"కూర్చుని తినవే తల్లీ, కుర్చీ కరవదు," అంది షారన్.

ప్రణుతి నిలబడే రొట్టె తింటోంది. ఆమె ఎక్కడా కుదురుగా కూర్చునే మనిషి కాదు. అరవై ఆరేళ్ళు నిండినా కాళ్ళలో ఏదో తరుముతున్నట్టే ఉంటుంది. ఈ యాత్ర కూడా ఆ తరుముడులోంచి పుట్టిందే. ప్రయాణ ప్రణాళిక లేకుండా, ఎక్కడ దిగాలో ఎక్కడ పడుకోవాలో ముందుగా అనుకోకుండా, ముగ్గురూ గుంటూరు నుంచి బయలుదేరి కిర్గిజ్ కొండల దాకా వచ్చారు. షరతు ఒక్కటే. రోజుకొకరు దారి చెప్పాలి, మిగతా ఇద్దరు 'ఎందుకు' అని అడగకూడదు. గమ్యం తెలపండి, గమ్యం తెలపండి అని పట్టీలు పొద్దస్తమానం సతాయిస్తూనే ఉన్నాయి.

ఆ రోజు దారి చెప్పే వంతు ప్రణుతిది. "వాగు దాటి అవతలి పచ్చికకు," అంది.

గుర్రాల మీద వారిని తీసుకువెళ్ళిన దారిచూపరి పేరు ఐజాన్. ముప్పై ఏళ్ళుంటాయి. ఎండకు కమిలిన బుగ్గలు, మాట కన్నా ముందు నడిచే చేతులు. ఆమె తులపట్టీ మీద ఆకుపచ్చగా ఒక ముద్ర వెలుగుతూ ఉంటుంది. అది పూచీముద్ర. పరాయి ప్రాణాన్ని ఈ మనిషి చేతిలో పెట్టవచ్చునని తుల ఇచ్చే హామీ. అది లేనిదే దారిచూపరులకూ నర్సులకూ డ్రైవర్లకూ పని లేదు. ఐజాన్ మాట్లాడేది ఆమె భాషలోనే. ముగ్గురి చెవుల్లోని పలుకుగింజలు దానిని తెలుగు చేసి వినిపించేవి.

వాగు ఒడ్డున గుర్రం దిగి ఆమె అన్నది: "మంచు కరిగి నీరు పెరుగుతున్నది. గుర్రాలను దించగల రేవు ఎక్కడ ఉన్నదో నేను చూసి వస్తాను. అంతవరకు మీరు ఈ రాతి దగ్గరనే వేచి ఉండవలసినది."

"పిల్ల మాట్లాడుతుంటే వార్తలు విన్నట్టుందే," అని షారన్ నవ్వింది.

ఐజాన్ గుర్రాలతో మలుపు తిరిగింది. ప్రణుతి రాతి చుట్టూ నాలుగుసార్లు తిరిగింది. వాగు మీద రెండు దుంగలను పక్కపక్కన కట్టి వేసిన కాలిబాట ఒకటి ఉంది. గొర్రెల కాపరులు నడిచేది.

"పది అడుగులే," అంది ప్రణుతి.

"పదే అయితే నువ్వెళ్ళు. నా మోకాళ్ళకు ఆ దుంగలతో పని లేదు," అంది మోక్షిత.

ప్రణుతి ఆమె పక్కకు వచ్చి నిలబడింది. మాట్లాడలేదు. చూపుడువేలితో మోక్షిత మణికట్టు మీద మూడుసార్లు తట్టి, దుంగల వైపు చూసింది.

ఆ తట్టడం ఏమిటో లోకంలో ముగ్గురికే తెలుసు. గుంటూరు కాన్వెంటులో సాయంత్రం చదువుకు మౌనపు గంట ఒకటుండేది. ఆ గంటసేపూ పెదవి కదిపితే మోకాళ్ళ మీద నిలబెట్టేవారు. ఒకే బెంచీ మీద కూర్చునే ఈ ముగ్గురూ మాట అక్కర్లేని పందెం కనిపెట్టారు. మణికట్టు మీద మూడుసార్లు తట్టి దేనివైపు చూస్తే, గంట కొట్టేలోగా అది చేసి తీరాలి. ఎందుకని అడగకూడదు. కాదనకూడదు. తట్టిన మనిషి కూడా వెనకే రావాలి. అలా షారన్ సుద్దముక్క నమిలి మింగింది. మోక్షిత ప్రార్థనాలయం గంట మోగించింది. ప్రణుతి సిస్టర్ గారి గొడుగులో గొంగళిపురుగును పెట్టింది. పెద్దయ్యాక కూడా ఆ పందెం వారిని వదలలేదు. యాభై ఏళ్ళు దాటాక మోక్షిత ఈత నేర్చుకున్నా, షారన్ రెండో పెళ్ళికి సరేనన్నా, వాటి వెనక మూడు తట్టులున్నాయి. ఇన్నేళ్ళలో ఒక్కరూ ఒక్కసారీ కాదనలేదు.

మోక్షిత ముఖంలో పన్నెండేళ్ళ పిల్ల కనిపించింది. చెప్పులు బిగించుకుని దుంగల మీదికి నడిచింది. ప్రణుతి వెనకే అడుగు వేసింది. అయిదో అడుగున తడిసిన బెరడు జారి మోక్షిత వాగులో పడింది.

నీళ్ళు మోకాలి లోతే. రాళ్ళు మాత్రం పెద్దవి. ఎముక విరిగిన చప్పుడు ప్రణుతి చెవికి స్పష్టంగా వినబడింది.

కేక విని ఐజాన్ గుర్రాలను వదిలేసి పరుగెత్తుకొచ్చింది. వాగులోకి దూకి మోక్షితను ఒడ్డుకు లాగి, తొడకు కట్టెలు కట్టింది. అప్పుడే పట్టీలు ఝుమ్మన్నాయి. ఐజాన్‌కు అరవై నాలుగు: దారిచూపరి, బాధ్యత గల స్థలం విడిచి వెళ్ళినందుకు. మోక్షితకు ముప్పై ఆరు: ఎవరూ చెప్పకుండా, తన ఇష్టంతో ప్రమాదంలోకి నడిచినందుకు. షారన్‌కు సున్నా. ప్రణుతికి సున్నా. ప్రణుతి పట్టీ మీద చిన్న అక్షరాలలో మరొక వరుస కూడా కనిపించింది: 'భయపడిన స్నేహితురాలికి ఓదార్పు స్పర్శ. మెచ్చదగినది.'

ఐజాన్ మణికట్టు మీది ఆకుపచ్చ ముద్ర బూడిదరంగుకు మారింది. ఏడేళ్ళ వరకు అది మళ్ళీ వెలగదు. ఆమె దానిని ఒకసారి చూసుకుంది. తరువాత వంగి, మోక్షితను వీపు మీదికి ఎత్తుకుని కొండ దిగడం మొదలుపెట్టింది.

మర్నాడు కొండ కింది పట్టణపు ఆసుపత్రి వసారాలో ప్రణుతి ఈ చివరి నుంచి ఆ చివరికి నడుస్తూనే ఉంది. మోక్షిత తొడకు శస్త్రచికిత్స అయింది. ఆమె లోపల నిద్రపోతోంది.

"కూర్చోవే. నీ నడకకు నేల అరిగిపోయేట్టుంది," అంది షారన్.

"నేను తట్టాను, షారన్."

"చూశాను."

"మరి?"

"మరేముంది? నీకు సున్నా వచ్చింది. నోరు మూసుకుని ఇంటికి పోదాం."

"ఆ పిల్ల ఏడేళ్ళు ఎవరినీ గుర్రం ఎక్కించకూడదు. దానికి వేరే బతుకు లేదు."

"తుల చెప్పింది. ఎవరు తెచ్చిన తులే అది? తుల పొరపడదు, మనిషే పొరపడతాడు అని ముప్పై ఏళ్ళ నుంచి మా చెవులు చిల్లులు పడేట్టు చెప్పింది నువ్వు కాదూ?"

"అది పొరపడలేదు. దానికి తెలియదు. తెలియకుండా దాచుకున్నది మనం." ప్రణుతి ఆగింది. "నా ముందు ఎంతమంది ఆడవాళ్ళు అన్నారు షారన్, ఆయన నోరెత్తలేదమ్మా, ఊరికే అట్టా చూశాడు, నేను లేచి ఆయన అనుకున్నది చేశాను అని! వాళ్ళకు తుల ఏం తూచి ఉంటుంది?"



ఆసుపత్రిలోనే ఒక మూల తులాపీఠం ఉంది. ఒక తెర, ఒక బల్ల, ఒక అధికారి. నెరిసిన మీసాల ఆ అధికారి ప్రణుతి చెప్పినదంతా ఓపికగా విని, తెర మీద రెండుసార్లు వెతికాడు.

"దోషం తగ్గించమని కోరే అర్జీ ఉన్నది. పెంచమని కోరే అర్జీ లేదు. ఇంతవరకు ఎవరూ అడగలేదు," అన్నాడు. "పైగా మీది సున్నా. సున్నా వచ్చినవారికి పీఠం ముందు మాట్లాడే అర్హత ఉండదు."

"మరి ఎవరికి ఉంటుంది?"

"సగానికి మించి దోషం పడినవారు మూడు రోజులలోగా పునస్తూకం కోరవచ్చును. తూకం మారకపోతే శిక్ష రెట్టింపు అవుతుంది."

అంటే, దారి ఐజాన్ దగ్గరి నుంచే ఉంది.

ఊరి చివర గుర్రాలపాకలో ఐజాన్ జీనులకు నూనె రాస్తోంది. నాలుగు గుర్రాలనూ మర్నాడు పినతండ్రి ఇంటికి తోలిపంపాలి. ముద్ర లేనివారి దగ్గర సవారీ గుర్రాలు ఉండకూడదు. ప్రణుతి గుమ్మంలో నిలబడి, ముప్పై ఏళ్ళుగా తన నోట రాని మాటను కూడదీసుకుంది.

"తప్పు నాది. నన్ను మన్నించు."

ఐజాన్ తల ఎత్తింది. "ఇది మీ దేశంలో నియమమా? తూకం తేలిన తరువాత మళ్ళీ ఎందుకు చెబుతున్నారు?"

ప్రణుతి చెప్పింది. మౌనపు గంట, బెంచీ, మూడు తట్టులు, దుంగల వైపు చూసిన చూపు, ఏదీ దాచలేదు. వింటున్నకొద్దీ ఐజాన్ చేతిలోని నూనెగుడ్డ ముద్దగా నలిగింది.

"ఆడుకున్నారా?" అంది. గొంతు వణికింది. పలుకుగింజ ఎంత నిలకడగా తెలుగు చేసినా ఆ వణుకు దాటి వచ్చింది. "నా వాగు మీద, నేను రేవు వెతుకుతుండగా, బడిపిల్లల ఆట ఆడుకున్నారా? ఉండమన్న చోట ఉండలేకపోయారా? మీ వయసెంత? ఆమె తల రాయికి తగిలి ఉంటే? వెళ్ళండి, నా ఎదుట నిలబడకండి!"

ప్రణుతి వెళ్ళలేదు. ముప్పై ఏళ్ళలో ఒక మనిషి తనను ముఖం మీద కసరడం అదే మొదలు. ఆ మాటలు తగిలిన చోటల్లా మండింది. అయినా, నిన్నటి నుంచి మొదటిసారి ఆమెకు గాలి సరిగా ఆడింది.

"వెళతాను. దానికి ముందు నీ ముద్ర నీకు రావాలి," అంది. పునస్తూకం సంగతి చెప్పింది. శిక్ష రెట్టింపు కావచ్చునని కూడా చెప్పింది.

"పద్నాలుగేళ్ళు," అంది ఐజాన్. చిన్న గుర్రం మెడ మీద చెయ్యి వేసింది. "అప్పటికి ఇది బతికి ఉండదు." దాని జూలు రెండుసార్లు నిమిరింది. తరువాత నూనెగుడ్డను విసిరేసి, "పదండి," అంది.

అధికారి నియమాలు చదివి చెప్పాడు. తుల ఎరుగని సంజ్ఞ ఏదైనా ఉన్నదంటే, దానిని తుల ఎదుట చేసి చూపాలి. ఎవరి మీద చేస్తారో ఆ మనిషికి ముందుగా తెలియకూడదు. తెలిస్తే నాడి పట్టిస్తుంది, అర్జీ చెల్లదు. తూచేంతసేపూ ఐజాన్‌కు ఎడబాటు నియమం సడలుతుంది.

మోక్షిత గది బయట షారన్ రెండు చేతులూ చాచి అడ్డం నిలబడింది. "కాలు మళ్ళీ విరిగితే?"

"అందుకే నువ్వు మంచానికి అటు ఉండు, ఐజాన్ ఇటు ఉంటుంది. పట్టుకోండి."

"నీకు కావలసింది న్యాయమా, నీ మనసు తేలికపడటమా? నిజం చెప్పు."

"రెండోది దొరుకుతుందని నేననుకోవటంలా."

షారన్ చేతులు దించింది.

మోక్షిత దిండుకు ఆనుకుని చారు తాగుతోంది. కాలు తెల్లని కట్టులో, కదలకుండా. "రావే. ఏంది ఇంతమంది వచ్చారు? నేను పోయాననుకున్నారా?" అంది.

ప్రణుతి మంచం అంచున వంగింది. మోక్షిత మణికట్టు మీద మూడుసార్లు తట్టి, గోడకు ఆనించిన ఊతకర్రల వైపు చూసింది.

మోక్షిత చెంచా కింద పెట్టింది. ఎందుకని అడగలేదు. దుప్పటి తీసి అవతల పడేసి, కట్టు కట్టిన కాలును రెండు చేతులతో ఎత్తి, నొప్పికి కళ్ళు మూతలు పడుతున్నా మంచి కాలును నేల మీద మోపింది. లేవబోయి కేక పెట్టింది. అయినా ఆగలేదు. షారన్ ఒక పక్క, ఐజాన్ ఒక పక్క ఆమెను పట్టి దిండు మీదికి చేర్చారు. ముఖమంతా చెమట.

అప్పుడు అడిగింది మోక్షిత: "ఒసే... దేనికే?"

తొమ్మిది ఊపిరులు గడిచాయి. మరో తొమ్మిది గడిచాయి. తుల ఇంతసేపు తూచగా ఆ గదిలో ఎవరూ చూడలేదు. చివరకు పట్టీలన్నీ ఒక్కసారిగా ఝుమ్మన్నాయి. ప్రణుతికి ఎనభై మూడు. మోక్షితకు పదకొండు. ఐజాన్‌కు ఆరు.

ఐజాన్ మణికట్టు మీద ఆకుపచ్చ వెలిగింది. ఆమె దాని మీద అరచెయ్యి మూసి, గోడవైపు తిరిగి నిలబడింది.

ప్రణుతి పట్టీ ఆగకుండా మోగసాగింది. పన్నెండు బారలు. అయిదేళ్ళు. ఆమె ఒక్కొక్క అడుగే వెనక్కు వేసింది.

"ఎక్కడికే? ఏమే షారన్, ఎక్కడికి పోతోంది ఇది?" అని మోక్షిత అడుగుతూనే ఉంది. మూసుకున్న తలుపు అవతల కూడా ఆ గొంతు కొంతసేపు వినిపించింది.

ఐజాన్ వసారాలోకి వచ్చింది. "మీరు పాకలో ఒక మాట అన్నారు, మన్నించమని. దానికి బదులు చెప్పే మాట ఒకటి ఉండేదట. మా అమ్మకు గుర్తున్నది." అరచెయ్యి ఇంకా ముద్ర మీదే ఉంది. "నాకింకా చెప్పాలని అనిపించడం లేదు."

"అక్కర్లేదు," అంది ప్రణుతి.

మూడు వారాలు ఆమె ఆ ఊరి మరో చివర ఒక గదిలో ఒంటరిగా ఉంది. తెల్లవారితే నడిచేది, పొద్దుగూకే దాకా నడిచేది. ఆసుపత్రి వీధి మలుపు దగ్గర పట్టీ మోగగానే వెనక్కు తిరిగేది. నియమమే తప్పు అని ఆమెకు ఒక్కసారి కూడా తోచలేదు. ఆ నియమం వల్ల ఎందరు ఆడవాళ్ళు తలుపు గడియ వేసుకుని నిశ్చింతగా నిద్రపోయారో ఆమెకు తెలుసు. తనకొకటి, వాళ్ళకొకటి రాయమనదు. అయినా కాళ్ళు రోజూ ఆ మలుపు దాకానే తీసుకువెళ్ళేవి. మోక్షిత దగ్గరి నుంచి షారన్ తెచ్చిన కబురు ఒక్కటే: "ఇక్కడి చారు బాగాలేదని చెప్పు దానికి."

తిరుగు ప్రయాణం రోజున విమానాశ్రయంలో నేల మీద పసుపు గీత ఒకటి వెలిగి, ప్రణుతి ఎటు నడిస్తే అటు జరుగుతూ వచ్చింది. గీతకు అవతల, అద్దం పక్కన, చక్రాల కుర్చీలో మోక్షిత కూర్చుని ఉంది. ఆమె పక్కన ఒక ఖాళీ కుర్చీలో షారన్ సంచి, ఆ పక్కన షారన్. ప్రణుతి గీత వెంబడే అటూ ఇటూ తిరుగుతోంది.

మోక్షిత ఆమెనే చూస్తోంది. చూసి చూసి, ఎడమ చెయ్యి ఎత్తింది. కుడి చూపుడువేలితో తన మణికట్టు మీద తానే మూడుసార్లు తట్టుకుంది. తరువాత ఖాళీ కుర్చీ వైపు చూసింది. షారన్ గబుక్కున సంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది.

ప్రణుతి గీత ముందు నిలబడిపోయింది. ఆ గీత తన చేతి రాత. ఆ తట్టు కూడా తన బాల్యమే. ఒకదాన్ని నమ్మి ముప్పై ఏళ్ళు, ఒకదానికి తలొగ్గి యాభై ఏళ్ళకు పైగా. గంట కొట్టేలోగా చెయ్యాలి. ఆమె గీత దాటింది.

పట్టీ కీచుమంది. చుట్టూ జనం తిరిగి చూశారు. ప్రణుతి వెళ్ళి కుర్చీ అంచున కూర్చుంది. తొమ్మిది ఊపిరులు ముగ్గురూ లెక్కపెట్టారు.

'ఎడబాటు ఉల్లంఘన. మోక్షితకు తొంభై ఒకటి. ప్రణుతికి తొమ్మిది.'

ప్రణుతి ఆ అంకెలను మళ్ళీ చదివింది. మూడు తట్టులకు మనిషి కాదనలేదని తులకు ఇప్పుడు తెలుసు. తట్టిన మనిషిదే దోషం.

"నువ్వు నేర్పిందేగా దానికి," అంది మోక్షిత. "అంతా నువ్వే మోసుకుపోదామనుకున్నావా? నాకూ కాస్త మిగల్చవే."

"మోక్షీ, తప్పు నాది. నన్ను..."

"వినబడిందిలే. అక్కడి నుంచి కూడా వినబడింది."

పట్టీలు మళ్ళీ ఝుమ్మన్నాయి. మళ్ళీ తొంభై ఒకటి మోక్షితకే. ప్రణుతి సగం లేచింది. "నేనిక్కడ ఉన్నంతసేపూ నీకు పెరుగుతూనే ఉంటుందే. నన్ను పోనీ."

మోక్షిత ఆమె చెయ్యి పట్టుకుంది. మణికట్టు మీద, మోగుతున్న ఆ పట్టీ మీదనే, మూడుసార్లు తట్టింది. తట్టి, ప్రణుతి ఇప్పుడే లేచిన కుర్చీ వైపు చూసింది.

ప్రణుతి కూర్చుంది.